పెన్న తెచ్చిన సారె

నెల్లూరులో పుట్టి పెరిగినవాళ్లకు పెన్న అనగానే కళ్ల ముందు మెదిలేది నీళ్లు కాదు, ఇసుక. 2022 సెప్టెంబరులో నెల్లూరు దగ్గరా, సంగం దగ్గరా కొత్త బ్యారేజీలు ప్రారంభమయ్యాయి గనుక ఇప్పుడు వాటి పైపక్క నీళ్లు నిలిచి కంటికి ఇంపుగానే వుంటున్నది. కాని మా చిన్నతనంలో వంతెన మీద నిలబడి చూస్తే ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఇసుకే. దాని మధ్య ఎవరో తడిపంచె ఆరవేసినట్టు ఒక సన్నటి పాయ. మా ఇళ్ల గోడల్లో వున్నది ఆ ఇసుకే. మా బావుల అడుగున వున్నదీ ఆ ఇసుకే. ఇంత ఇసుక ఏ కొండ అరిగితే వచ్చింది, ఎవరి చేను కోసుకుపోతే వచ్చింది అని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. వచ్చినదాన్ని అనుభవించేవాడికి పంపినవాడి చిరునామాతో పనేముంది!

ఆ చిరునామా వెతుక్కుంటూ మొన్న సంక్రాంతి సెలవుల్లో మేము నలుగురం కారులో యేటికి ఎదురుగా బయలుదేరాము. నాకు ఇన్నేళ్లూ కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకోవటంతోనే సరిపోయింది. తిక్కన సోమయాజి ఈ పెన్న ఒడ్డు వాడేనని ఏటా పిల్లలకు గర్వంగా చెబుతాను. ఒకనాడు మా అమ్మాయి, "తిక్కన గారు పెన్న ఒడ్డున వున్నారు, సరే. ఆ ఒడ్డు ఎక్కణ్ణించి వచ్చిందో మీ పాఠంలో లేదే నాన్నా!" అన్నది. అది డిగ్రీ రెండో సంవత్సరం, భూగర్భశాస్త్రం చదువుతున్నది. చుట్టాలందరూ కంప్యూటర్లు చదవమంటే రాళ్లు చదువుతానని కూచున్న పిల్ల. "తెలుగు చదివిన తండ్రికి రాళ్లు చదివే కూతురు! మీ ఇంట్లో అన్నం పెట్టే చదువు ఒక్కటైనా వుందా బావా?" అని మా బావమరిది ఇప్పటికీ హాస్యమాడుతుంటాడు.

మా అమ్మ సంగతి వేరు. ఆమె పుట్టిన ఊరు సోమశిల జలాశయం అడుగున వున్నది. 1976లో పెళ్లయి కోవూరు దగ్గర మా ఊరికి కాపురానికి వచ్చేనాటికి, పెన్న మీద సోమశిల దగ్గర ఆనకట్ట పని జరుగుతున్నది. ఆ తర్వాత కొన్నేళ్లకు ఒంటిమిట్ట, నందలూరు, అట్లూరు వైపు ఎన్నో ఊళ్లు ఖాళీ అయిపోయాయి. మా తాత ఇంటి దూలాలూ తలుపులూ బండికెత్తుకుని బద్వేలు చేరాడు. అమ్మ పుట్టింటికని వెళ్లినప్పుడల్లా బద్వేలుకు వెళ్లింది గాని, మళ్లీ ఆ యేటి ఒడ్డుకు వెళ్లలేదు. "నీళ్లల్లో ఏం జూస్తాం నాయనా" అనేది. అటువంటిది, మనమరాలు పెన్న వెంట పోతున్నామనేసరికి తెల్లవారుజామునే తలంటుకుని, నేత చీర కట్టుకుని, మా అందరికన్నా ముందు కారు ముందు సీటులో కూచున్నది. ఎందుకని మేము అడగలేదు, ఆమె చెప్పలేదు.

దారి కూడా మాకు కలిసివచ్చింది. సంగం, ఆత్మకూరు, బద్వేలు, మైదుకూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు — నెల్లూరు నుంచి పడమరగా పోయే 67వ నంబరు జాతీయ రహదారి పెన్నకు ఒకచోట దగ్గరవుతూ, ఒకచోట దూరమవుతూ పైకి పోతుంది. జమ్మలమడుగు పక్కనే గండికోట. అంతా కలిపి సుమారు రెండు వందల కిలోమీటర్లు. పెన్న అసలు పుట్టేది కర్ణాటకలో నందికొండల దగ్గర. శివుడి విల్లు పినాకం. దాని పేరు మీదుగా పినాకిని అయింది. అక్కణ్ణించి ఉత్తరంగా అనంతపురం సీమలోకి వచ్చి, తూర్పుకు తిరిగి, కడప సీమ దాటి, 597 కిలోమీటర్లు నడిచి మా దగ్గర సముద్రంలో పడుతుంది. దారిలో జయమంగళి, చిత్రావతి, కుందేరు, పాపఘ్ని, సగిలేరు, చెయ్యేరు వచ్చి కలుస్తాయి. పేర్లు వింటే ఎన్ని నీళ్లో అనిపిస్తుంది. కాని నెల్లూరులో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల పైచిలుకు వాన పడితే, అనంతపురంలో పడేది అందులో సగం, 550 దగ్గర. అంటే మా నది చాలావరకు వాన లేని దేశంలో నడిచివచ్చే నది. ఎడారి అనటానికి మనసొప్పదు గాని, ఎడారికి గడప అవతల వున్న దేశం అనవచ్చును.

ఆ వేళ మంచు ఇంకా విడలేదు. బుచ్చిరెడ్డిపాళెం దాటేదాకా రోడ్డుకు రెండు పక్కలా వరి. సంక్రాంతి ముగ్గులు వాకిళ్లలో ఇంకా చెదరలేదు. "ఇక్కడ రాయి కనపడదు నాన్నా. రాయి మనకు చాలా లోతున వుంటుంది. పైనంతా యేరు తెచ్చిపోసిన మట్టే," అన్నది మా అమ్మాయి. నెల్లూరు అన్న పేరు వరిని చెప్పే 'నెల్లు' అన్న మాటలోంచి వచ్చిందని కొందరూ, మూలస్థానేశ్వరుడు వెలిసిన నెల్లి చెట్టు, అంటే ఉసిరిచెట్టు పేరు మీద వచ్చిందని కొందరూ అంటారు. వరి అన్నా చెట్టు అన్నా రెండూ మొలిచింది ఆ తెచ్చిపోసిన మట్టిలోనే గదా అని నాకు తోచింది. పేరు మాది, మట్టి పైవాళ్లది.

ఆత్మకూరు దాటాక వరి సన్నగిల్లి ఎర్రనేల మొదలయింది. మర్రిపాడు దాటి వెలికొండలు ఎక్కుతుండగా మా అమ్మాయి కారు ఆపించింది. రోడ్డు వేయటానికి కొండను కోసినచోట రాయి పొరలు పొరలుగా కనిపిస్తున్నది. పొరలంటే పరుపులాగా పడుకుని వున్నవి కావు. బీరువాలో పుస్తకాల్లాగా నిలువునా నిలబడి వున్నాయి. "ఇవన్నీ ఒకనాడు సముద్రం అడుగున చదునుగా పరుచుకున్న బురద పొరలు. తర్వాత తూర్పు నుంచి భూమి నెట్టింది. గోడకు ఆనిచ్చి చాప నెడితే ముడతలు పడదూ? అలా మడతలు పడి లేచిన కొండలివి," అని చెప్పింది. మా ఆవిడ ఒక పలక తీసి, "చిన్నప్పటి పలకలాగే వుందే!" అన్నది. పలకరాయే అది. ఈ బీదరాతి నేల మీదనే ఎర్రచందనం పెరుగుతుంది. ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని ఆ చెట్టు, ఈ దక్షిణపు తూర్పుకనుమల కొండల్ని వెతుక్కున్నది. కడుపునిండా నీళ్లు తాగిన నేల ఇవ్వలేని రంగును ఈ ఎండిన కొండ ఇస్తున్నది.

బద్వేలులో మా మేనమామ ఇంట్లో భోజనం. "ఏమల్లుడా, పండగ పొయినాంక వస్తివే! రాళ్లు జూడ్డానికి నెల్లూరు నుంచి యీడికి వచ్చినారా? మా చేన్లో ఎన్ని గావాలంటే అన్ని ఏరుకోండి, కూలీ గూడా మేమే ఇస్తాం," అని నవ్వాడు. రాగి సంగటి వేడిగా వడ్డించి, దాని మధ్య గుంట చేసి నెయ్యి పోశారు. ఆ వైపునే గోపవరం. రామాయణం రాసిన మొల్ల ఆ ఊరిదని చెప్పుకుంటారు. ఉత్తరంగా పోతే పోరుమామిళ్ల. అక్కడి చెరువును 1369లో విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు కట్టించాడు. ఆ చెరువు శాసనం సంస్కృతంలో వున్నది. మంచి చెరువుకు ఏమేమి కావాలో అందులో లెక్కపెట్టి చెప్పారు: కొండను ఆనుకున్న తియ్యటి నీటి యేరూ, గట్టి నేలా, దగ్గరలోనే పొడుగాటి తిన్నని రాళ్లు దొరికే గనీ వగైరా. "భూగర్భశాస్త్రమే గదా!" అన్నది మా అమ్మాయి. నిజమే. నీళ్లకు కరువైన దేశంలోనే నేలను అంత శ్రద్ధగా చదువుతారు. మాబోటి నీళ్లున్నవాళ్లకు ఆ అవసరం లేకపోయింది.

మైదుకూరు, ప్రొద్దుటూరు దాటేసరికి నేల మళ్లీ రంగు మారింది. నల్లరేగడి, అందులో పండబోతున్న శనగ. పొలాల గట్ల మీద ముళ్లకంపకు బదులు నిలువెత్తు రాతిపలకలు వరసగా పాతి వున్నాయి. ఇళ్ల కప్పుల మీద రాతిపలకలు, అరుగుల మీద రాతిపలకలు, పశువుల తొట్లకు రాతిపలకలు. అది నాపరాయి. మా ఇళ్లల్లో కడపబండ అంటాము. మా వంటింటి గట్టు ఆ బండే. దాని మీద ఇరవై ఏళ్లుగా కూరలు తరుగుతూ వచ్చిన మా ఆవిడకు అప్పుడు దాని పుట్టిల్లు చూశాననిపించింది కాబోలు, కారు దిగి ఆ రాతిని చేత్తో నిమిరింది. అది సున్నపురాయి. చేపా నత్తా ఇంకా పుట్టని కాలంలో ఒక లోతులేని సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద అట! జమ్మలమడుగు దగ్గర ఒక బండలు కోసేచోట ఆగాము. అక్కడ పని చేస్తున్న పెద్దాయనను, ఇంత పలచగా ఎలా చీలుస్తారని అడిగాను. "పొర యాడుండాదో జూసుకోని ఆడ ఉలి బెట్టాల సారూ. పొర జెప్పినట్టు మనం ఇంటే అది మన మాట ఇంటాది. మనం బలం జూపిస్తే చెక్కలయిపోతాది," అన్నాడు. పాతికేళ్లుగా పిల్లలకు పాఠాలు చెబుతున్నవాడికి ఆ మాట వుత్త రాతి సంగతిలాగా వినిపించలేదు.

ఆ రాత్రి జమ్మలమడుగులో బస చేసి, మరునాడు చీకటితోనే గండికోట చేరాము. కోట చరిత్ర మీకు తెలిసిందే. పెమ్మసాని నాయకులు ఏలిన కోట. తర్వాత గోలకొండ వజీరు మీర్ జుమ్లా చేతికి వచ్చింది. 1652లో ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే ఇక్కడికే వచ్చి ఆయన్ను కలుసుకున్నాడు. మాధవరాయ స్వామి గుడీ, జామియా మసీదూ, ధాన్యపు కొట్టూ చూసుకుంటూ లోయ అంచుకు వెళ్లాము. సరిగ్గా అప్పుడే పొద్దు పొడిచింది. ఎర్రటి రాయి నిలువునా చీలిపోయి, ఎవరో పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు రెండు గోడలు. వాటి మధ్య మూడు వందల అడుగుల లోతున పెన్న. గండి అంటే తెగినచోటు. గండి పక్కని కోట గండికోట. నది కొండను చీల్చుకుని పోయిందన్న భూగర్భశాస్త్రం మొత్తం ఆ రెండక్షరాల తెలుగు మాటలో వున్నది. మా అమ్మాయి ఇంకొంచెం విప్పి చెప్పింది. నది దారి ముందే ఏర్పడి వుంటుంది. నేల నెమ్మదిగా పైకి లేస్తున్నా, చుట్టుపక్కల మెత్తటి రాయి అరిగిపోతున్నా, నది తన దారి వదలకుండా పగుళ్ల వెంట కింది రాతిని కోసుకుంటూనే పోతుంది. కొండ నదికి అడ్డం వచ్చింది గాని, నది కొండకు అడ్డం పోలేదన్నమాట.

కడప రాళ్ల సంగతి వింటే మనిషికి కొంత అహంకారం తగ్గుతుంది. నెలవంక ఆకారంలో సుమారు 44 వేల చదరపు కిలోమీటర్ల మేర ఇక్కడ ఒకనాడు నేల దిగి సముద్రం చేరింది. అందులో అడుగు పొరలు సుమారు 190 కోట్ల ఏళ్ల నాటివి. పైన వున్న గండికోట రాయి వాటికన్నా చిన్నదే గాని, దానికీ వంద కోట్ల ఏళ్లు దాటాయి. భూగర్భ సర్వే శాఖలో పని చేసిన విలియం కింగ్ 1872లో ఈ కడప, కర్నూలు రాళ్ల మీద పెద్ద గ్రంథమే ప్రచురించాడు. ఆయనా, ఆయన తర్వాతివాళ్లూ ఒక్కొక్క పొరకు ఒక్కొక్క పల్లె పేరు పెట్టారు: గుల్చెరు, వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి, గండికోట, నార్జి. మనం బస్సు కిటికీలోంచి చూసి మరిచిపోయే ఊళ్లు, దేశదేశాల పుస్తకాల్లో కోట్ల ఏళ్ల కాలానికి పేర్లయి కూచున్నాయి.

లోయ అంచున ఒక బండ మీద అమ్మ కూచున్నది. కూచున్నదల్లా లేచి, "ఇదేందే పాపా, ఇసకలో అలల గీతలు మాదిరి ఉండాదే!" అన్నది. వంగి చూశాము. బండంతా సన్నటి వంపుల గీతలు. మైపాడు రేవులో అల వెనక్కి పోయాక తడి ఇసుక మీద మిగిలే గీతలే, అచ్చం అవే. మా అమ్మాయి సంతోషం ఇంతా అంతా కాదు. "అలల గీతలే అవ్వా! ఇది ఒకప్పుడు ఒడ్డు ఇసుకే. పైన పొరలు పడి పడి, బరువుకు గట్టిపడి ఇంత రాయి అయింది. ఇప్పుడు మళ్లీ ఈ రాయి అరిగి, ఇసుక అయి, పెన్నలో దొర్లి మన మైపాడుకు పోతుంది," అన్నది. ఒక ఇసుకరేణువు ఎన్నిసార్లు ఒడ్డు చూస్తుందో! అమ్మ ఆ గీతల మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు వుంచింది.

ఇంకొక సంగతి కూడా అక్కడే తెలిసింది. లోయలో మేము చూసిన నిండు నీళ్లు చాలావరకు పెన్నవి కావు. శ్రీశైలం దగ్గర బయలుదేరిన కృష్ణ నీళ్లు, పోతిరెడ్డిపాడు, గోరకల్లు, అవుకు మీదుగా గండికోట జలాశయానికి వస్తాయి. ఆ జలాశయంలో ఇరవై ఆరు టీఎంసీలకు పైగా నిలపవచ్చు. దానికోసం కొండాపురం, తాళ్లప్రొద్దుటూరు వంటి ఊళ్ల జనం ఇళ్లు వదిలి పోవలసివచ్చింది. ఆ మాట వినగానే అమ్మ, "ఈడ గూడానా?" అన్నది. అంతే, ఇంకేమీ అనలేదు.

తిరుగుదారి కడప మీదుగా పెట్టుకున్నాము. ఒంటిమిట్ట కోదండరాముణ్ణి దర్శించుకుని బయటికి రాగానే అమ్మ, "నాయనా, ఒకసారి నీళ్ల కాడికి పోదాం," అన్నది. ప్రయాణం మొదలయ్యాక ఆమె నోరు తెరిచి అడిగింది అదొక్కటే. రోడ్డుకు ఎడమ పక్క ఒక మట్టిదారిలో పోయి, కారు పోలేనిచోట దిగి నడిచాము. ఎదురుగా సోమశిల వెనక నీళ్లు. 78 టీఎంసీల జలాశయం, నిండుగా వున్నది. గాలి లేదు. దూరంగా వెలికొండలు నీళ్లల్లో తలకిందులుగా కనిపిస్తున్నాయి. ఒక పుట్టిమీద ఇద్దరు వలలు సర్దుకుంటున్నారు.

అమ్మ కాసేపు దిక్కులు చూసి, ఆ కొండ కొన ఈ గుట్ట అని గురుతులు కలుపుకుని, నీళ్లల్లో ఒకచోటికి వేలు చూపించింది. "అదిగో, ఆడ మా బాయి. దానికి తూర్పున చింతచెట్టు. ఎండాకాలం యేట్లో చెలమ తోడుకోని నీళ్లు తెచ్చుకునేవాళ్లం. ఒక్క బిందె నిండాలంటే పొద్దు పొయ్యేది." చెలమ తవ్విన పిల్ల నలభై అడుగుల నీళ్ల ముందు నిలబడి వున్నది. ఆమె ఏడుస్తుందేమోనని మా ఆవిడ దగ్గరగా జరిగింది. ఆమె ఏడవలేదు. మనమరాలి వైపు తిరిగి, "ఈ నీళ్లు యాడికి బోతాయే?" అని అడిగింది.

"సోమశిల దగ్గర వెలికొండల సందులోంచి దిగి, సంగానికీ నెల్లూరుకూ పోతాయి అవ్వా. కొంత కండలేరుకు పోయి అక్కణ్ణించి మద్రాసు దాకా పోతాయి. మన కోవూరు కాలవకూ ఇవే."

"మన చేనికి గూడా?"

"మన చేనికీ ఇవే."

అమ్మ ఒక నిమిషం ఆలోచించింది. "అయితే మా నాయన చేని మీద నించి మా అత్తగారి చేనికి బోతాండాయన్న మాట. నాకు పెండ్లయి ఇన్నేండ్లయినా పుట్టింటోళ్లు సారె పంపతానే ఉండారు," అన్నది. అని, వంగి నీళ్లు దోసిట్లోకి తీసుకుని కళ్లకద్దుకున్నది.

నేను పుస్తకాల్లో ఎన్నో ఉపమానాలు పాఠం చెప్పాను. ఇంత సూటిగా తగిలినది లేదు. పందొమ్మిదో శతాబ్దంలోనే నెల్లూరు దగ్గరా సంగం దగ్గరా ఆనకట్టలు కట్టి కాలవలు తవ్వారు. కాని యేట్లో నీళ్లే లేనినాడు ఆనకట్ట ఏం చేస్తుంది? సోమశిల వచ్చాకనే మా మాగాణికి ధైర్యం వచ్చింది. మొలగొలుకుల అన్నం తిని మేము పొగడుకునే నెల్లూరు సీమ పచ్చదనం అడుగున ఎవరివో బావులూ, చింతచెట్లూ, గంగమ్మ గుళ్లూ వున్నాయి. వాళ్లు ఏ నేరమూ చేయలేదు. నీళ్లు నిలవటానికి వీలైనచోట పుట్టారు, అంతే.

నందలూరు దగ్గర చెయ్యేరు దాటాము. ఈ యేరు 2021 నవంబరు 19న ఏం చేసిందో మీకు గుర్తుండేవుంటుంది. పైన అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, ఒడ్డున వున్న పల్లెల మీద పడింది. ప్రాణాలు పోయాయి. ఆ రోజుల్లోనే పెన్న పొంగి మా పడుగుపాడు దగ్గర రైలుపట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. ఎండిన యేరని నవ్వినవాళ్లకు అది ఇచ్చిన జవాబు. రోడ్డు పక్క ఒక చేనిగట్టున ఇసుక కుప్ప చూసి ఆగితే, ఆ రైతు చెప్పాడు: వరద పోయాక చేని మీద నడుములోతు ఇసుక మేట వేసిందట, తోడించటానికి చేను వెల అయిందట. మా అమ్మాయి అక్కడ పాఠం చెప్పలేదు. కాసేపటికి కారులో మాత్రం నెమ్మదిగా అన్నది: "మా పుస్తకంలో దీన్ని ఒక పొర అంటారు నాన్నా. ఒక్క వరద, ఒక్క పొర. ఆ పొర కింద ఎవరి చేను వుందో పుస్తకంలో రాయరు." దాని చదువు అన్నం పెడుతుందో లేదో నాకు తెలియదు. మనిషిని చేస్తున్నదని మాత్రం ఆ పూట తెలిసింది.

రాజంపేట నుంచి చిట్వేలు మీదుగా కొండ దాటి రాపూరు దిగాము. కోడూరు వైపు పోయే రోడ్డు చూపించి, అటు పోతే మంగంపేట వస్తుందన్నాను. అక్కడిది ముగ్గురాయి, ఆ జాతి రాయి ఒకే చోట అంత కుప్పగా వున్నది ప్రపంచంలో మరెక్కడా లేదంటారు. నూనెబావులు తవ్వే దేశాలకు ఓడలకెక్కి పోతుంది. "మరి మన వాకిట్లో ముగ్గు?" అన్నది మా ఆవిడ. పేరే చెబుతున్నది గదా! ఓడలెక్కకముందు అది వాకిళ్లలోనే వెలిగింది. రాపూరు దిగి పొదలకూరు వైపు వస్తుంటే కారు దీపాల వెలుగులో రోడ్డు పక్క మట్టి తళుక్కుమన్నది. అది అభ్రకం, మా వైపు పిల్లలకు కాకిబంగారం. ఒకప్పుడు ఈ గనుల అభ్రకం విద్యుత్తు యంత్రాల కోసం సముద్రాలు దాటి పోయేది. శాస్త్రం ఇంగ్లీషులో వున్నదని మనం బెదిరిపోతాము గాని — గండి, నాపరాయి, పలక, ముగ్గురాయి, కాకిబంగారం, మేట, చెలమ — ఈ నేలను చదివినవాళ్లు మన భాషలో ఎప్పటి నుంచో వున్నారు. వాళ్లకు కాలేజీలు లేవు, అంతే.

ఇంటికి వచ్చాక లెక్క వేసుకుంటే, పైసీమ నుంచి మాకు రానిది లేదు. మట్టి వచ్చింది, ఇసుక వచ్చింది, నీళ్లు వచ్చాయి, వంటింట్లో బండ వచ్చింది, వాకిట్లో ముగ్గు వచ్చింది, మా అమ్మ వచ్చింది. సారె అంటే తీసుకునేవాళ్ల హక్కు కాదు, పంపేవాళ్ల ప్రేమ. పంపేవాళ్ల ఇంట్లో పొయ్యి వెలుగుతున్నదా లేదా అని కనుక్కోవటం ఆడపడుచు ధర్మం. నది వెంట ఎక్కడ ఆనకట్ట కట్టినా నీళ్లను కాలవలకు వదులుతాము గాని, ఇసుక ఆ వెనకే వుండిపోతుంది. ఆపైన వున్న ఇసుకను మనం లారీలకెత్తుకుంటాము. సముద్రపు ఒడ్డుకు పోయే సారె తగ్గితే ఒడ్డు సన్నబడుతుంది. ఒడ్డు సన్నబడితే అల ముందుకు వస్తుంది. ఇందులో శాస్త్రం ఎంత వుందో సంసారం కూడా అంతే వుంది.

రాయలసీమ వాళ్లు నీళ్లడిగితే మా వైపు కొందరు, "వాళ్లకెందుకు, రాళ్లసీమ!" అని తేలిగ్గా అనేస్తారు. ఇకమీదట ఆ మాట నా ఎదుట ఎవరైనా అంటే నా దగ్గర జవాబు వుంది. రాళ్లే. మేము నిలబడ్డది ఆ రాళ్ల మీదనే. కాకపోతే అవి మా దాకా వచ్చేసరికి నలిగి నలిగి మెత్తబడ్డాయి.